గ్లాసు పట్టుకోకముందే తాళం సంగతి తేల్చండి

శుక్రవారం రాత్రి. వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్: "జూబ్లీహిల్స్ సైడ్ చెకింగ్ ఉందా?" నిమిషం తిరక్కుండానే జవాబులు వచ్చిపడతాయి. ఏ రోడ్డులో బారికేడ్లు పెట్టారు, ఏ గల్లీలోంచి వెళ్తే తప్పించుకోవచ్చు, ఎన్నింటికి ఎత్తేస్తారు... అన్నీ తెలిసిపోతాయి.

అలాంటి గ్రూపు మీ ఫోన్‌లోనూ ఉండొచ్చు. ఆ ప్రశ్న మీరూ ఎప్పుడో ఒకసారి అడిగి ఉండొచ్చు. ఈరోజు నుంచి దాన్ని మార్చేద్దాం.

ఆ ప్రశ్నలో ఎవరున్నారో చూడండి. పోలీసు ఉన్నాడు. బ్రీత్ అనలైజర్ ఉంది. కోర్టు ఉంది. రోడ్డు దాటుతున్న మనిషి మాత్రం లేడు. ఆఖరి ఆర్డర్ ఇచ్చేసి ఇంటికి పోతున్న డెలివరీ కుర్రాడు లేడు. మీ కోసం అన్నం మూత పెట్టి మేలుకుని ఉన్న ఇల్లు లేదు.

దొరుకుతానా, దొరకనా అన్న ఒక్క లెక్క మీదే మీ డ్రైవింగ్ నడుస్తుంటే, మీ బాధ్యతను ట్రాఫిక్ ఎస్సైకి అప్పగించేసినట్టే. ఆయన డ్యూటీలో ఉన్నంతసేపూ మీరు పద్ధతిగా ఉంటారు. ఆయన ఇంటికి వెళ్లగానే మీ పద్ధతి కూడా వెళ్లిపోతుంది. ఆ బాధ్యతను తిరిగి మీ చేతిలోకి తెచ్చుకోండి. మీరు తెచ్చుకోగలరు. దానికి గొప్ప విల్‌పవర్ అక్కర్లేదు. నిర్ణయం తీసుకునే టైమ్ మారిస్తే చాలు.

"నేను ఓకే" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి

తాగిన మనిషి "నేను బాగానే ఉన్నా, నడపగలను" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా అనిపిస్తుంది. ప్రమాదం అంతా అక్కడే ఉంది.

ఆల్కహాల్ కాళ్లను తడబడేలా చేయడానికి చాలా ముందే, మంచీచెడూ తూచే శక్తి మీద పని మొదలుపెడుతుంది. భయం తగ్గుతుంది. ధైర్యం పెరుగుతుంది. అదే సమయంలో కన్ను చూసినదానికి చెయ్యి స్పందించే వేగం పడిపోతుంది. అంటే సామర్థ్యం తగ్గుతున్న కొద్దీ నమ్మకం పెరుగుతూ పోతుంది. అలాంటి స్థితిలో "నడపగలనా?" అని మిమ్మల్ని మీరు అడిగితే ఎప్పుడూ ఒకే జవాబు వస్తుంది. అవును.

60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేక్ మీదికి కాలు వెళ్లడం అర సెకను ఆలస్యమైతే మరో 8 మీటర్లు. ఒక ఆటో పొడవుకు మూడు రెట్లు. ఆ 8 మీటర్లలో ఎవరున్నారో మీకు ముందుగా తెలియదు.

కాబట్టి రూల్ ఇది. తాగాక నిర్ణయం తీసుకోవద్దు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే తీసుకోండి. అప్పుడు మాట్లాడేది మీరు. తర్వాత మాట్లాడేది గ్లాసు.

ఒక్క బీరు లెక్క

"ఒక్క బీరే కదా!" ఈ మాట వినని తెలుగువాడు ఉండడు. రండి, లెక్క వేద్దాం.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 185 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. ఇంగ్లండ్‌లో ఈ హద్దు 80. అమెరికాలో ఒక్క యూటాలో 50, మిగతా రాష్ట్రాల్లో 80. మనది వాటికంటే చాలా కఠినం. నన్నడిగితే మనకు ఇదే సరైనది. ఒకే రోడ్డు మీద లారీ, బైకు, ఎద్దులబండి, నడిచే మనిషి కలిసి వెళ్లే దేశం మనది.

ఇప్పుడు 650 ఎం.ఎల్. స్ట్రాంగ్ బీరు తీసుకోండి. ఎనిమిది శాతం ఆల్కహాల్ అనుకుంటే అందులో దాదాపు 41 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగవాడు దాన్ని గబగబా తాగేస్తే రక్తంలో అది 80 మిల్లీగ్రాములు దాటగలదు. హద్దుకు రెండున్నర రెట్ల పైనే. ఒక్క బీరుకే.

ఒక లార్జ్ పెగ్గు, అంటే 60 ఎం.ఎల్. విస్కీ? అది కూడా హద్దు దాటించగలదు. బరువు తక్కువున్నవాళ్లకు, ఆడవాళ్లకు, ఖాళీ కడుపుతో తాగినవాళ్లకు ఈ అంకె ఇంకా పైకి పోతుంది.

దిగడానికి ఎంతసేపు? శరీరం గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున వదిలించుకుంటుంది. అది లివర్ చేసే పని. దానికి తొందర ఉండదు. మీరు బ్లాక్ కాఫీ తాగినా, మజ్జిగ తాగినా, తలారా స్నానం చేసినా, నిమ్మకాయ పిండుకున్నా లివర్ తన వేగం మార్చుకోదు. సోంపు, చూయింగ్ గమ్ వాసనను కాస్త కప్పుతాయేమో. బ్రీత్ అనలైజర్ చూసేది వాసనను కాదు, ఊపిరితిత్తుల లోపలి నుంచి వచ్చే ఆల్కహాల్‌ను.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది. అర్ధరాత్రి దాకా క్వార్టర్, ఆ పైన మరో పెగ్గు తాగి పడుకుని, పొద్దున ఆరింటికి లేచి పిల్లల్ని స్కూల్ బస్ స్టాప్‌లో దింపడానికి స్కూటీ తీస్తారు. నిద్రపోయారు కాబట్టి దిగిపోయిందనుకుంటారు. రక్తం ఇంకా హద్దు పైనే ఉండొచ్చు. రాత్రి గట్టిగా తాగితే మర్నాడు ఉదయం కూడా మీరు డ్రైవర్ కాదు. స్కూల్‌కు దింపే పని ముందు రోజే ఇంకొకరికి ఒప్పజెప్పండి.

"తాగడం నా పర్సనల్"

తాగడం మీ ఇష్టం. ఇక్కడ ఎవరూ మీ గ్లాసు లాక్కోవడం లేదు. బండి తీశాక మాత్రం మీ పర్సనల్ అయిపోయింది. రోడ్డు అందరిది.

2025 అక్టోబర్ 24, తెల్లవారుజాము. కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర జాతీయ రహదారి మీద ఒక యువకుడి బైకు డివైడర్‌ను కొట్టింది. అతను అక్కడే చనిపోయాడు. బైకు రోడ్డు మీద పడి ఉంది. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు ట్రావెల్స్ బస్సు దాని మీదికెక్కి, ఈడ్చుకుంటూ పోయింది. నిప్పురవ్వలు, మంటలు. నిద్రలో ఉన్న 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. బైకు నడిపిన యువకుడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది.

ఆ బస్సు గురించి, దాని తలుపుల గురించి, డ్రైవర్ గురించి ఎన్నో ప్రశ్నలు వచ్చాయి. రావాలి కూడా. వాటికి వాళ్లు జవాబు చెప్పుకోవాలి. కానీ మీరు, నేను నేర్చుకోవాల్సిన భాగం బైకు దగ్గర మొదలవుతుంది. ఆ యువకుడికి ఎవరి మీదా పగ లేదు. బస్సులోని ఒక్కరి ముఖం కూడా అతను చూడలేదు. "పడితే నేనే కదా పడేది" అనుకునే వాళ్లందరికీ జవాబు ఆ రాత్రి కనబడింది. ఆ ఘటన తర్వాతే హైదరాబాద్ పోలీస్ కమిషనర్ వి.సి. సజ్జనార్ తాగి బండి నడిపేవాళ్లను ఉగ్రవాదులన్నారు. ఆ మాట చాలామందికి గుచ్చుకుంది. గుచ్చుకోనివ్వండి.

హైదరాబాద్ వాళ్లకు పంజాగుట్ట గుర్తుండే ఉంటుంది. 2016 జులైలో తాగిన ఇంజినీరింగ్ విద్యార్థుల కారు డివైడర్ దాటి ఎగిరి, అవతలివైపు వస్తున్న కుటుంబం కారు మీద పడింది. తొమ్మిదేళ్ల పాప, ఆమె బాబాయి, తాతయ్య ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనిదే మద్యం అమ్మకూడదు. ఆ రూల్ ఎంతమంది పాటిస్తున్నారో అప్పుడు ఊరంతా మాట్లాడుకుంది. కొన్నాళ్లే.

కోర్టులు కూడా దీన్ని "పొరపాటు" అని వదిలేయడం మానేశాయి. 1999లో ఢిల్లీలో బీఎండబ్ల్యూ కారు కింద ఆరుగురు చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2012లో దాన్ని నిర్లక్ష్యం కంటే పెద్ద నేరంగా, హత్య కిందకు రాని నరహత్యగా తేల్చింది. తర్కం సూటిగా ఉంటుంది: ఇలా చేస్తే ప్రాణాలు పోవచ్చని మీకు తెలుసు, అయినా చేశారు. "నాకు తెలియదు" అనే అవకాశం తాగి నడిపినవాడికి లేదు. ఈ వ్యాసం చదివాక మీకసలే లేదు.

"అమ్మేదీ వాళ్లే, పట్టుకునేదీ వాళ్లే!"

మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువగా వినిపించే వాదన ఇదే. ప్రభుత్వమే వైన్ షాపులకు లైసెన్సులిచ్చి, పర్మిట్ రూములు పెట్టించి, మందు ఆదాయం లెక్కపెట్టుకుని, బయట రోడ్డు మీద పోలీసులను నిలబెడుతుంది. ఇదేం న్యాయం?

ఈ మాటలో నిజం ఉంది. పక్కకు నెట్టేయకండి. బార్లు కట్టేసే వేళకు మెట్రో దొరకదు, సిటీ బస్సు రాదు. హైవేలకు 500 మీటర్ల లోపు మద్యం షాపులు ఉండకూడదని 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెబితే, తర్వాత దానికి ఎన్నో సడలింపులు వచ్చాయి. వీటి మీద మీ ఎమ్మెల్యేను అడగండి. అర్జీ పెట్టండి. పౌరుడిగా అది మీ హక్కు.

కానీ ఒక తేడా గమనించండి. పగలు అడిగితే అది పౌరుడి ప్రశ్న. చెకింగ్ దగ్గర ఊదాక అడిగితే అది సాకు. షాపు ఎవరు పెట్టారన్నది ఏమైనా, ఇగ్నిషన్ ఆన్ చేసిన వేలు మీదే. ప్రభుత్వం తన బాధ్యత మర్చిపోతే మీది రద్దవదు. మన రోడ్ల మీద ఎదుటివాడు తప్పు చేస్తాడని తెలిసే కదా మనం జాగ్రత్తగా నడుపుతాం!

ముందే తేల్చుకునే అలవాటు

ఇప్పుడు పని. మీ సిట్టింగ్ మధ్యాహ్నమే ఫిక్స్ అవుతుంది. ప్లాన్ కూడా మధ్యాహ్నమే ఫిక్స్ చేయండి.

1. "ఎక్కడ కలుద్దాం?" అన్న వెంటనే "ఎలా తిరిగొద్దాం?" అని రాయండి. అదే గ్రూపులో. మొదటిసారి ఎవరో నవ్వే ఎమోజీ పెడతారు. మూడోసారికి వాళ్లే అడుగుతారు.

2. బండి ఇంట్లో వదిలి వెళ్లండి. అన్ని ఉపాయాల్లోనూ ఇదే గట్టిది. తాళం జేబులో లేకపోతే దానితో వాదన ఉండదు. వెళ్లేటప్పుడే ఆటోలోనో క్యాబ్‌లోనో వెళ్లండి.

3. బండి తప్పదంటే, తాగని మనిషి ఎవరో పేరుతో సహా తేల్చండి. "ఎవరో ఒకరు తక్కువ తాగుతార్లే" అనేది ప్లాన్ కాదు. సున్నా అంటే సున్నా. ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు. ఆ రోజు అతని తిండి ఖర్చు మిగతావాళ్లది. తాగని మనిషికి మర్యాద దక్కే బల్ల దగ్గరే ఈ అలవాటు నిలబడుతుంది.

4. డబ్బు విడిగా పెట్టండి. రాత్రి క్యాబ్ రేటు చూసి మనసు మారుతుంది. బిల్లుకు వేలు కట్టిన చెయ్యి క్యాబ్‌కు 600 దగ్గర ఆగిపోతుంది! తిరుగు ప్రయాణం ఖర్చును పార్టీ ఖర్చులోనే కలిపేయండి. అది కట్టలేకపోతే ఆ పార్టీ మీ బడ్జెట్‌లో లేదని అర్థం.

5. ఇంట్లో ఒకరికి మాటివ్వండి: "ఎన్నింటికైనా ఫోన్ చేస్తా, బండి మాత్రం తీయను." ఇంట్లోవాళ్లూ ఒక మాటివ్వాలి. ఫోన్ వచ్చినప్పుడు తిట్టకూడదు. తిట్లు పొద్దున. తిడతారన్న భయంతోనే ఎంతోమంది కుర్రాళ్లు ఫోన్ చేయకుండా కిక్ కొడుతున్నారు.

ఊళ్లో ఉన్నవాళ్లు "మాకు క్యాబ్‌లు ఎక్కడివి?" అంటారు. నిజమే. పెళ్లి దావత్, జాతర, పండక్కి అత్తారిల్లు, దినం భోజనాలు... మందు ఉంటుంది, ఆటో ఉండదు. అక్కడ ఉపాయం ఒక్కటే. పడుకుని పొద్దెక్కాక రండి. పిలిచినవాళ్లు కూడా చాప, దుప్పటి సిద్ధం చేయడం మర్యాదలో భాగం అనుకోవాలి. "బావా, ఈ రాత్రి ఇక్కడే" అని గట్టిగా చెప్పేవాడే అసలైన చుట్టం. ఒక్క హెచ్చరిక. తాగని పిల్లాడు ఉన్నాడు కదా అని లైసెన్స్ లేని పదిహేనేళ్ల కొడుక్కి బండి ఇవ్వకండి. మైనర్ నేరానికి సంరక్షకులకు మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా అని మోటారు వాహనాల చట్టం 2019 సవరణ చెబుతోంది.

ఒక దేశం మొత్తం అలవాటు మార్చుకోగలదా? అమెరికాలో 1988లో హార్వర్డ్‌కు చెందిన జే విన్‌స్టెన్ బృందం టీవీ రచయితల దగ్గరికి వెళ్లింది. సీరియళ్లలో పాత్రలు తాగేటప్పుడు "ఈ రాత్రి బండి నడిపేది ఎవరు?" అనుకునేలా ఒక డైలాగ్ చేర్చమని అడిగింది. "చీర్స్" లాంటి పేరున్న సీరియళ్లు కూడా చేర్చాయి. డెసిగ్నేటెడ్ డ్రైవర్ అన్న మాట అక్కడ ఇంటింటికీ చేరింది. మన సినిమాల్లో తాగే సీన్ కింద చిన్న అక్షరాల హెచ్చరిక వేసి ఊరుకుంటున్నారు. స్టార్ హీరో ఒకరు తాళం ఫ్రెండ్ చేతిలో పెట్టి ఆటో ఎక్కే సీన్ ఒక్కటి రాయండని మన రచయితలను అడుగుతున్నాను. థియేటర్లో విజిల్ పడేలా రాయగల సత్తా వాళ్లకుంది.

పక్క సీట్లో మీరుంటే

మీరు తాగలేదు, నడపడం లేదు. మీకేం సంబంధం? చట్టం సంబంధం ఉందంటోంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 188 ప్రకారం తాగి నడపడానికి ప్రోత్సహించినవారికీ అదే శిక్ష. జపాన్ 2007లో ఇంకా ముందుకు వెళ్లింది. తాగిన డ్రైవర్ బండిలో తెలిసీ ఎక్కినవాళ్లను, బండి ఇచ్చినవాళ్లను, మందు పోసినవాళ్లను కూడా శిక్షిస్తోంది.

కాబట్టి తాళం అడగడం నేర్చుకోండి. దానికో పద్ధతి ఉంది. నలుగురిలో "నువ్వు బాగా తాగావు" అనకండి. పరువు అడ్డొచ్చి మొండికేస్తాడు. పక్కకు పిలవండి. తాగిన సంగతి ఎత్తకుండా ఒక సాయం అడగండి. "అన్నా, నీ బండి పొద్దున నేనే తెచ్చిస్తా, ఇప్పుడు నాతో క్యాబ్‌లో రా." "రేయ్, ఒక్కడినే పోలేను, నాకు తోడు రా." చాలాసార్లు ఇది పనిచేస్తుంది. పనిచేయకపోతే బండిలో ఎక్కకండి. వాళ్ల ఇంటికి ఫోన్ చేయండి. రేపు కోపం వస్తుంది. రానీయండి. స్నేహం ఆ కోపాన్ని తట్టుకుంటుంది.

ఆఫీసులో అతను మీ బాస్ అయితే? అప్పుడు ఇంకా ముందే పని మొదలుపెట్టాలి. టీమ్ డిన్నర్ మెయిల్‌లోనే క్యాబ్ ఏర్పాటు కూడా రాసేయండి. అప్పుడు ఎవరి పరువూ పోదు.

పట్టుబడ్డారా?

మొదటి ఆలోచన: ఎవరికి ఫోన్ చేయాలి? కార్పొరేటరా, ఎమ్మెల్యే పీఏనా, డిపార్ట్‌మెంట్‌లో ఉన్న మేనమామా? ఆ ఫోన్ చేయకండి. తప్పును ఒప్పుకునే కండరం మీలో అక్కడే బలపడాలి. ఊదనని మొండికేసినా లాభం లేదు. నిరాకరించడం కూడా మీకు వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది.

మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ మీద వేటు వేరే. ప్రమాదం జరిగితే మీ కారు డ్యామేజీకి ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది. అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న మన పిల్లలు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ తాగి నడిపిన నేరం (డీయూఐ) కింద అరెస్టయితే, నేరం రుజువు కాకముందే వీసా రద్దు కావచ్చు. ఇక్కడి అమ్మానాన్నల అప్పు, వాళ్ల ఆశ, ఒక్క రాత్రికి తాకట్టు పెట్టొద్దు.

హైదరాబాద్‌లో పట్టుబడినవాళ్లను గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్లలో కౌన్సెలింగ్‌కు పిలుస్తారు. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రమ్మంటారు. చాలామంది దాన్ని అవమానం అనుకుంటారు. మీరు మాత్రం నోట్‌బుక్ పట్టుకుని వెళ్లండి. భార్య పక్కన, నాన్న పక్కన కూర్చుని అక్కడ వేసే వీడియోలు చూడండి. తిరిగొచ్చేటప్పుడు ఇంట్లోనే రూల్ రాసుకోండి. పట్టుబడి మారినవాళ్లు, పట్టుబడక మారనివాళ్ల కంటే అదృష్టవంతులు.

ప్లాన్ చేసిన ప్రతిసారీ తప్పుతోందా? మూడు వేసుకుంటానని ఆరు దగ్గర ఆగుతున్నారా? అప్పుడు సమస్య బండి దగ్గర లేదు, మందు దగ్గరే ఉంది. అదీ మారుతుంది. 14446కు ఫోన్ చేయండి. మత్తు అలవాటు మాన్పించడానికి ప్రభుత్వం నడిపే టోల్‌ఫ్రీ నంబర్. డాక్టర్‌ను కలవండి. బీపీకి మందు వేసుకున్నంత మామూలుగా వెళ్లండి.

ఈ వారాంతం మీకు సిట్టింగ్ ఉంటే, ఈ పేజీ తిప్పేలోపు రెండు పనులు చేసేయండి. ఆ రాత్రి తాగని మనిషి ఎవరో ఫోన్ చేసి ఖాయం చేసుకోండి. ఎన్నింటికైనా పిలవగలిగే ఇంట్లోమనిషికి "శనివారం రాత్రి బండి తీసుకెళ్లడం లేదు" అని మెసేజ్ పెట్టండి.